ఒక మాట తప్పినందుకు పంతొమ్మిదేళ్లు



ఈ వారం మీకు ఇంగ్లాండు రాజుల కథ ఒకటి చెప్పాలనుకుంటున్నాను. "రాజుల గొడవలు మనకెందుకు అయ్యగారూ?" అని కొందరు అడగవచ్చు. మన బైబిలులో సమూయేలు గ్రంథాలు రెండు, రాజుల గ్రంథాలు రెండు, దినవృత్తాంతాలు రెండు ఉన్నాయి. సింహాసనం కోసం కొట్టుకున్నవాళ్ల కథలను దేవుడు ఊరికే రాయించలేదు. రాజు ఇంట్లో జరిగినదే చిన్న కొలతలో మన ఇళ్లలోనూ జరుగుతుంది. అక్కడ రాజ్యం, ఇక్కడ అరెకరం. అంతే తేడా. ఈ కథ చివర నా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉంది. అందుకే ఓపికగా చివరిదాకా చదవండి.

మునిగిపోయిన ఓడ

సుమారు 900 ఏళ్ల క్రితం ఇంగ్లాండును మొదటి హెన్రీ అనే రాజు ఏలాడు. 1066లో ఇంగ్లాండును గెలిచిన విలియం రాజుకు ఇతడు చిన్న కొడుకు. సముద్రానికి ఇవతల ఇంగ్లాండు, అవతల ఫ్రాన్సు వైపున నార్మండీ, రెండూ ఇతని చేతి కిందే ఉండేవి. గట్టి మనిషి. దొరలు అతని పేరు చెబితే భయపడేవారు. ధర్మపత్నికి పుట్టిన కొడుకు ఒక్కడే, పేరు విలియం. కూతురు మటిల్డా. పెళ్లికి బయట పుట్టిన పిల్లలు మాత్రం ఇరవైమందికి పైగా ఉన్నారు.

1120 నవంబరు 25 రాత్రి నార్మండీలోని బార్‌ఫ్లర్ రేవు నుంచి ఆ ఒక్క కొడుకు ఓడ ఎక్కాడు. వయసు 17 ఏళ్లు. ఆ ఓడను తెల్ల ఓడ అని పిలిచేవారు. అందులో సుమారు 300 మంది, ఎక్కువమంది పెద్దింటి యువతీయువకులు. అంతా బాగా తాగి ఉన్నారు, ఓడ నడిపేవాళ్లతో సహా. రేవు దాటగానే ఓడ బండకు కొట్టుకుంది. రాజకుమారుడిని చిన్న పడవలోకి ఎక్కించారు. అతను తప్పించుకునేవాడే. కానీ మునుగుతున్న ఓడలోంచి అక్క కేక వినపడి పడవను వెనక్కి తిప్పించాడని ఆనాటి చరిత్రకారులు రాశారు. నీళ్లలో ఉన్నవాళ్లంతా ఆ పడవను పట్టుకున్నారు, అదీ మునిగింది. బతికి బయటపడినవాడు రూవెన్ పట్టణపు మాంసం కొట్టువాడు ఒక్కడే.

ఆ ఓడ ఎక్కి, బయలుదేరకముందే దిగిపోయిన యువకుడు ఒకడున్నాడు. కడుపులో బాగోలేదని దిగాడు. అతని పేరు స్టీఫెన్. రాజుగారి అక్కచెల్లెళ్లలో ఒకామె కొడుకు, అంటే మేనల్లుడు. దేవుడు ఎందుకో ఆ రాత్రి అతని ప్రాణం దాచాడు. దాచిన ప్రాణంతో అతను ఏం చేశాడన్నదే మన కథ.

అందరూ వేసిన ఒట్టు

కొడుకు పోయాడు. రాజు మళ్లీ పెళ్లి చేసుకున్నా సంతానం కలగలేదు. మిగిలింది కూతురు మటిల్డా. ఆమెను చిన్నతనంలోనే జర్మనీ చక్రవర్తికి ఇచ్చారు. 1125లో భర్త చనిపోయాడు. తండ్రి ఆమెను వెనక్కి పిలిపించుకున్నాడు.

1127 జనవరిలో హెన్రీ రాజు బిషప్పులను, దొరలను అందరినీ కూర్చోబెట్టి ఒట్టు వేయించాడు. తనకు కొడుకు పుట్టకుండా పోతే మటిల్డానే ఏలికగా ఒప్పుకుంటామని వాళ్లు దేవుని ఎదుట ప్రమాణం చేశారు. దొరలలో ముందుగా ఆమె మేనమామ, స్కాట్లాండు రాజు డేవిడ్ ఒట్టు వేశాడు. ఆ తరువాత ఎవరు వేయాలన్నదాని మీద పోటీ వచ్చింది. ఒకవైపు రాజుగారి మేనల్లుడు స్టీఫెన్, ఇంకోవైపు పెళ్లికి బయట పుట్టిన కొడుకు రాబర్టు. "నేను ముందు" అంటే "నేను ముందు" అనుకున్నారు. చివరికి స్టీఫెన్ ముందు వేశాడు. 1131లో అందరిచేత ఆ ఒట్టు మళ్లీ వేయించారు.

1135 డిసెంబరు 1న హెన్రీ రాజు నార్మండీలో చనిపోయాడు. కూతురు మటిల్డా అప్పుడు రెండో భర్తతో దూరాన ఉంది, మళ్లీ గర్భవతి. స్టీఫెన్ మాత్రం సముద్రం ఒడ్డున బొలోన్‌లో ఉన్నాడు. కబురు అందగానే ఓడ ఎక్కాడు. లండను పట్టణస్థులు అతన్ని ఒప్పుకున్నారు. అక్కడి నుంచి విన్చెస్టర్ వెళ్లాడు. రాజ్యపు ఖజానా అక్కడే ఉంది. అక్కడి బిషప్పు హెన్రీ అతని సొంత తమ్ముడు. డిసెంబరు 22న వెస్ట్‌మిన్‌స్టర్‌లో కిరీటం పెట్టించుకున్నాడు. మామయ్య చనిపోయి మూడు వారాలే అయింది, ఇంకా సమాధి కూడా చేయలేదు.

ముందుగా ఒట్టు వేయడానికి పోటీ పడినవాడే ముందుగా ఒట్టు తప్పాడు. కిరీటం పెట్టినవాడు ఎవరో తెలుసా? కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, కోర్బేల్ విలియం. ఆయన కూడా మటిల్డాకు ఒట్టు వేసినవాడే.

మూడు సాకులు

మాట తప్పేవాడు ఊరికే తప్పడు. సాకు వెతుక్కుంటాడు. ఆ రోజు ఆర్చిబిషప్పు ముందుకు, దొరల ముందుకు వచ్చిన సాకులు మూడు. శ్రద్ధగా వినండి. వీటిలో ప్రతిదీ మన ఊళ్లో మనం విన్నదే.

మొదటి సాకు: "ఆ ఒట్టు బలవంతంగా వేయించారు. రాజుకు భయపడి వేశాం, మనసుతో వేయలేదు."

రాజుకు భయపడిన మాట నిజమే. కానీ యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం చూడండి. గిబియోనీయులు పాత చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు చూపించి, దూరదేశం నుంచి వచ్చామని ఇశ్రాయేలు పెద్దలను మోసం చేసి ప్రమాణం చేయించుకున్నారు. మోసం మూడు రోజుల్లో బయటపడింది. అయినా పెద్దలు మాట తిప్పలేదు, ఎందుకంటే దేవుని పేరు మీద ఒట్టు వేశారు. కొన్ని వందల ఏళ్ల తరువాత సౌలు ఆ ఒట్టును కాదని గిబియోనీయులను చంపాడు. దాని ఫలితంగా దావీదు రోజుల్లో దేశమంతా మూడేళ్లు కరవు వచ్చిందని 2 సమూయేలు 21వ అధ్యాయంలో చదువుతాం. ఒట్టు తప్పినవాడు సౌలు, ఆకలితో అలమటించింది జనం.

రెండో సాకు: "ఆమె మమ్మల్ని అడగకుండా బయటివాణ్ని పెళ్లి చేసుకుంది. అందుకని ఆ ఒట్టు చెల్లదు."

1128లో తండ్రి ఆమెను ఆంజూ ప్రాంతపు జెఫ్రీకి ఇచ్చాడు. ఆంజూవాళ్లంటే నార్మండీ దొరలకు పడదు. పెళ్లి చేసింది తండ్రి, నింద మాత్రం కూతురి మీద పడింది. సాల్స్‌బరీ బిషప్పు రోజర్ ఇదే మాట చెప్పి తన ఒట్టును దులుపుకున్నాడు. పెళ్లయిన మూడేళ్లకు, 1131లో, అదే ఒట్టు మళ్లీ వేసిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు మోషే ఎదుట నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు ఎందుకు పోవాలని అడిగారు. మోషే తన బుద్ధితో తీర్పు చెప్పలేదు, దేవుణ్ని అడిగాడు. వాళ్లు అడిగింది న్యాయమని దేవుడే చెప్పాడు. ఆడపిల్ల వాటా గురించి దేవుని తీర్పు మోషే నాటికే ఉంది. ఆర్చిబిషప్పు చేతిలో ఆ గ్రంథం ఉండే ఉంటుంది.

మూడో సాకు: "చనిపోయేముందు పెద్దాయన మనసు మార్చుకున్నాడు."

హ్యూ బైగాడ్ అనే దొర ముందుకొచ్చి, రాజు చివరి ఘడియల్లో కూతురిని కాదన్నాడని, ఒట్టు నుంచి అందరినీ విడిపించాడని ప్రమాణం చేసి చెప్పాడు. ఒక ఒట్టు తప్పడానికి ఇంకొక ఒట్టు! అతను అసలు ఆ మంచం దగ్గరే లేడని మటిల్డా పక్షంవారు వాదించారు. ఆర్చిబిషప్పు మాత్రం నమ్మాడు. నమ్మడం ఆ రోజు అందరికీ సులువు.

1 రాజులు మొదటి అధ్యాయంలో దావీదు ముసలివాడై మంచం పట్టాడు. అదోనీయా తనకు తానే రాజయ్యాడు. సేనాధిపతి అతని పక్కనే, యాజకుడైన అబ్యాతారు అతని పక్కనే. అప్పుడు నాతాను ప్రవక్త ఏం చేశాడు? బత్షెబను ముందు పంపి, తాను వెనకే వెళ్లి, ఇచ్చిన మాటను రాజుకు గుర్తు చేశాడు. దైవజనుడి పని అది. పెద్దమనుషులు మరిచిపోవాలనుకున్న మాటను గుర్తు చేయడం. ఇంగ్లాండులో 1135 డిసెంబరులో నాతాను ఒక్కడూ లేడు.

ఇక్కడ న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. చనిపోయిన హెన్రీ రాజు కూడా కిరీటాన్ని ఇలాగే సంపాదించాడు. 1100 ఆగస్టు 2న అతని అన్న రాజు వేటలో బాణం తగిలి చనిపోతే, ఇంకో అన్న రాబర్టు యెరూషలేము యుద్ధం నుంచి ఇంకా ఇల్లు చేరకముందే, ఖజానా పట్టుకుని మూడో రోజున కిరీటం పెట్టుకున్నాడు. తరువాత ఆ అన్నను ఓడించి, అతను చనిపోయేదాకా 28 ఏళ్లు చెరలో ఉంచాడు. మనుషుడు ఏది విత్తుతాడో దాని పంటే కోస్తాడని గలతీ పత్రికలో పౌలు హెచ్చరించాడు కదా. హెన్రీ విత్తాడు, అతని కూతురు కోసింది.

మంచివాడే, కానీ

స్టీఫెన్‌ను రాక్షసుడనుకోకండి. అందరితో కలుపుగోలుగా ఉండేవాడు, చెయ్యి విప్పి ఇచ్చేవాడు, ధైర్యవంతుడు. 1147లో మటిల్డా కొడుకు హెన్రీ, 14 ఏళ్ల కుర్రవాడు, కూలి సైనికులను వెంటేసుకుని ఇంగ్లాండు మీదికి వచ్చి, వాళ్లకు జీతాలు ఇవ్వలేక ఇరుక్కుపోయాడు. స్టీఫెన్ తన డబ్బు ఇచ్చి ఆ శత్రువు కొడుకును ఇంటికి పంపించాడు. 1152లో జాన్ మార్షల్ అనే దొర కోట అప్పగిస్తానని మాట ఇచ్చి, హామీగా చిన్న కొడుకును రాజు దగ్గర ఉంచి, మాట తప్పాడు. పిల్లవాణ్ని ఉరి తీయమని పక్కవాళ్లు అన్నారు. స్టీఫెన్ మనసు ఒప్పుకోలేదు. ఆ పిల్లవాడు బతికాడు. విలియం మార్షల్ అనే పేరుతో పెరిగి, మాట మీద నిలబడే మనిషిగా ఇంగ్లాండంతా పేరు తెచ్చుకుని, 1216లో బాలరాజు తరఫున రాజ్యాన్నే కాపాడాడు.

ఇంత మంచివాడి ఏలుబడి ఎందుకు పాడైంది? పునాదిలో ఒట్టు విరిగింది గనుక. రాజే మాట తప్పి కిరీటం పెట్టుకుంటే, దొరలు అతనికి చేసిన ప్రమాణానికి విలువ ఎక్కడిది? ఎవరు ఎప్పుడు తిరగబడతారో అతనికి తెలియదు. అందుకని భయం. ఆ భయంతో 1139లో తన సభకు వచ్చిన బిషప్పులను పట్టించాడు. వారిలో ఆ రోజు తనకు సాయం చేసిన సాల్స్‌బరీ రోజర్ కూడా ఉన్నాడు. 1143లో జెఫ్రీ డి మాండెవిల్ అనే దొరను, 1146లో చెస్టర్ ప్రభువు రనుల్ఫ్‌ను అలాగే సభలోనే పట్టించాడు. నమ్మి వచ్చినవాణ్ని పట్టుకుంటే రేపు ఎవరు నమ్మి వస్తారు? ఒక మాట తప్పినవాడు దాన్ని కాపాడుకోవడానికి ఇంకో పది మాటలు తప్పవలసి వస్తుంది.

దొరలు కొట్టుకుంటే జనం చచ్చారు

1138లో రాబర్టు తన అక్కచెల్లెలి పక్షం తీసుకున్నాడు. 1139లో మటిల్డా ఇంగ్లాండులో దిగింది. 1141 ఫిబ్రవరి 2న లింకన్ దగ్గర యుద్ధం జరిగింది. స్టీఫెన్ వెంట ఉన్న పెద్ద దొరలు పారిపోయారు. అతను మాత్రం చివరిదాకా కత్తితో, గొడ్డలితో పోరాడి పట్టుబడ్డాడు. బ్రిస్టల్ కోటలో చెరలో పెట్టారు.

ఇక మటిల్డాదే రాజ్యం అనుకున్నారు. హక్కు ఆమెదే. కానీ హక్కు ఉన్నంత మాత్రాన హృదయం సరిగా ఉండాలని లేదు. లండను పట్టణస్థులు పన్ను తగ్గించమని, పాత మంచి చట్టాలు తిరిగి ఇవ్వమని బతిమాలుకున్నారు. ఆమె కోపంతో గద్దించి పంపింది. రెహబాము గుర్తొస్తున్నాడా? 1 రాజులు 12లో జనం కాడి తేలిక చేయమంటే కఠినంగా మాట్లాడి పది గోత్రాలు పోగొట్టుకున్నాడు. మటిల్డా జూన్ నెలలో కిరీటం పెట్టుకోకుండానే లండను నుంచి పారిపోయింది. పట్టణంలో గంటలు మోగాయి, జనం గుంపులుగా వచ్చారు, ఆమె భోజనం బల్ల దగ్గరి నుంచి లేచి వెళ్లవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో రాబర్టు పట్టుబడ్డాడు. అతన్ని ఇచ్చి స్టీఫెన్‌ను విడిపించుకున్నారు. కథ మళ్లీ మొదటికొచ్చింది. స్టీఫెన్ తమ్ముడు, విన్చెస్టర్ బిషప్పు హెన్రీ, ఆ ఒక్క ఏడాదిలోనే అన్నను విడిచి మటిల్డా వైపు, మటిల్డాను విడిచి మళ్లీ అన్న వైపు తిరిగాడు.

1142 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్ కోటలో మటిల్డాను స్టీఫెన్ సేన మూడు నెలలుగా చుట్టుముట్టి ఉంది. తిండి అయిపోయింది. ఒక రాత్రి ఆమె కొద్దిమంది రౌతులతో, మంచులో కనపడకుండా తెల్లబట్టలు కప్పుకుని, గడ్డకట్టిన నది మీదుగా నడిచి తప్పించుకుంది.

ఈ సాహసాలు చదవడానికి బాగుంటాయి. కానీ పీటర్‌బరో మఠంలో ఒక సన్యాసి ఈ రోజుల గురించి రాసిపెట్టినది చదివితే కన్నీళ్లు వస్తాయి. ప్రతి దొరా కోట కట్టుకున్నాడట. కట్టే వెట్టిచాకిరీ పేదలది. సొమ్ము దాచారన్న అనుమానంతో సామాన్యులను చెరలో వేసి హింసించారట. ఊళ్ల మీద పన్నుల మీద పన్నులు వేసి, ఇవ్వడానికి ఏమీ మిగలని రోజున ఇళ్లు తగలబెట్టారట. రోజంతా నడిచినా దున్నిన చేను కనపడని చోట్లు ఉండేవట. ఇలా పంతొమ్మిది చలికాలాలు గడిచాయని లెక్క చెప్పాడు. క్రీస్తు నిద్రపోతున్నాడని జనం పైకే అన్నారని కూడా రాశాడు. దేశమంతటా ఒకేలా లేదు, కొన్ని ప్రాంతాలు తక్కువ నష్టపోయాయి. కానీ తగలబడిన ఇంటివాడికి పక్క జిల్లా బాగుందంటే ఏం లాభం?

ఆ రైతులలో ఒక్కడూ 1127లో ఒట్టు వేయలేదు. వాళ్లను ఎవరూ అడగలేదు. సంతకం పెట్టినవాడు ఒకడు, అప్పు తీర్చినవాడు వేరొకడు. ఒట్టు తప్పడంలో ఉన్న భయంకరం ఇదే, ప్రియులారా. దాని ఖరీదు తప్పినవాడి గడప దగ్గర ఆగదు.

క్రీస్తు నిద్రపోయాడా? దోనెలో ఆయన తలగడ మీద నిద్రపోయిన రాత్రి శిష్యులూ అలాగే అడిగారు. ఆయన నిద్రపోయినా గాలి ఆయన చేతిలోనే ఉంది. ఇంగ్లాండులో నిద్రపోయింది క్రీస్తు కాదు. ఆయన పేరు పెట్టుకున్న కాపరులు.

ఇంకో ఆర్చిబిషప్పు

స్టీఫెన్‌కు కిరీటం పెట్టిన ఆర్చిబిషప్పు విలియం 1136 నవంబరులో, ఏడాది తిరగకముందే చనిపోయాడు. 1139 నుంచి ఆ స్థానంలో థియోబాల్డ్ ఉన్నాడు. స్టీఫెన్‌కు తన కొడుకు యూస్టేస్‌ను తాను బతికి ఉండగానే రాజుగా చూసుకోవాలని ఆశ. 1152లో బిషప్పులను పిలిచి, నా కొడుకుకు కిరీటం పెట్టమన్నాడు. థియోబాల్డ్ పెట్టనన్నాడు. పోపు కూడా ఒప్పుకోలేదు. బిషప్పులను నిర్బంధించారు, బెదిరించారు. కొందరు వణికారు. థియోబాల్డ్ తప్పించుకుని సముద్రం దాటాడు గానీ తల వంచలేదు. ఆ ఒక్క "కాదు"తో యుద్ధం ఇంకో తరానికి పాకకుండా ఆగింది.

అప్పటికి దొరలూ అలిసిపోయారు. చెస్టర్ ప్రభువు, లీస్టర్ ప్రభువు తమలో తాము ఒప్పందం రాసుకున్నారు. రాజుల కోసం ఒకరిపై ఒకరు యుద్ధానికి వెళ్లవలసి వస్తే ఇరవై మంది రౌతులకు మించి తీసుకెళ్లకూడదని! 1153లో మటిల్డా కొడుకు హెన్రీ, ఇప్పుడు 20 ఏళ్లవాడు, సైన్యంతో వచ్చాడు. వాలింగ్‌ఫర్డ్ దగ్గర రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలిచాయి. రెండు పక్కలా దొరలు యుద్ధం చేయబోమన్నారు. ఆగస్టులో యూస్టేస్ హఠాత్తుగా చనిపోయాడు. థియోబాల్డ్, ఒకప్పుడు అటూ ఇటూ తిరిగిన విన్చెస్టర్ హెన్రీ బిషప్పు, ఇద్దరూ మధ్యవర్తులుగా తిరిగారు. నవంబరులో విన్చెస్టర్‌లో రాజీ కుదిరింది. స్టీఫెన్ బతికినంతకాలం రాజు. తరువాత మటిల్డా కొడుకు హెన్రీ. స్టీఫెన్ రెండో కొడుకు తన ఆస్తులు తాను అనుభవించాలి.

1154 అక్టోబరు 25న స్టీఫెన్ చనిపోయాడు. ఈసారి ఎవరూ ఖజానాకు పరుగెత్తలేదు. హెన్రీ గాలి అనుకూలించక నార్మండీలో కొన్ని వారాలు ఆగిపోయినా సింహాసనం అతని కోసం ఖాళీగా ఎదురుచూసింది. డిసెంబరు 19న థియోబాల్డ్ అతనికి కిరీటం పెట్టాడు. 1127లో ఇచ్చిన మాటకు దగ్గరగా, పంతొమ్మిదేళ్ల రక్తం తరువాత, చేరారు. మొదటి రోజే మాట మీద నిలబడి ఉంటే?

నా సంగతి

ఇప్పుడు నేను చెప్పవలసినది. ఎవరో గుర్తుపట్టే వివరాలు రాయను.

కొన్నేళ్ల క్రితం జబ్బుతో ఉన్న ఒక పెద్దాయన ప్రార్థనకు నన్ను పిలిపించాడు. ఇద్దరు సంఘ పెద్దలు కూడా ఉన్నారు. తనను చూసుకుంటున్న కూతురికి ఫలానా చెక్క ఇవ్వాలని, మేమే సాక్షులమని చెప్పి, నా చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. నేను సరేనన్నాను. ప్రార్థన చేసి ఆమేన్ అన్నాను. కాగితం రాయలేదు.

ఆయన పోయాక కొడుకులు వచ్చారు. వాళ్లు చెప్పినవి ఇవే మూడు మాటలు. జబ్బులో ఉన్నప్పుడు బలవంతంగా చెప్పించుకుంది. బయటి ఇంటికి వెళ్లిన పిల్లకు పొలం ఎందుకు. చివర్లో నాన్న మాతో వేరేగా చెప్పాడు. నేను ఏమన్నానో తెలుసా? "అది మీ కుటుంబ విషయం, సంఘం కలగజేసుకోదు" అన్నాను. ఆ కొడుకులు మందిరానికి కానుకలు బాగా ఇచ్చేవాళ్లు. ఆ చెల్లెలు కొన్నాళ్లు చివరి వరసలో కూర్చుంది. తరువాత రావడం మానేసింది.

ఆర్చిబిషప్పు విలియం కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కిరీటం పెట్టింది నేను కాదు గానీ నోరు మూసుకున్నది నేనే. మొన్న ఆ అన్నల ఇంటికి వెళ్లి, ఆ రోజు మంచం పక్కన నేను విన్నది విన్నట్టు చెప్పాను. ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా అదే చెబుతానన్నాను. వాళ్లకు కోపం వచ్చింది. తరువాత ఆ చెల్లి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె ఏడ్చింది, మంచినీళ్లు ఇచ్చింది, ఇంకేమీ అనలేదు. ఆ పొలం సంగతి ఇంకా తేలలేదు. తేలకపోయినా నేను విన్న మాట ఇక నా దగ్గర దాగి ఉండదు.

బిడ్డలారా, తనకు నష్టం వచ్చినా ప్రమాణం మార్చుకోనివాడే దేవుని గుడారంలో ఉండదగినవాడని 15వ కీర్తన నేర్పుతోంది. ఒట్టే అక్కరలేనంత నికరంగా మన అవును, మన కాదు ఉండాలని ప్రభువు కొండమీద బోధించాడు. మీలో ఎవరైనా తల్లికో తండ్రికో అక్కకో చెల్లికో మాట ఇచ్చి ఉంటే, సాకులు వెతక్కండి. సాకులు ఎప్పుడూ దొరుకుతాయి, స్టీఫెన్‌కు మూడు దొరికాయి. మీరు సాక్షులై ఉంటే నాతానులా వెళ్లి గుర్తు చేయండి. మాట ఇప్పటికే తప్పి ఉంటే ఆలస్యమైందనుకోకండి. స్టీఫెన్ కూడా చనిపోవడానికి ఏడాది ముందు సరిచేసుకున్నాడు, దేశం ఊపిరి పీల్చుకుంది. మీ ఇల్లు కూడా పీల్చుకుంటుంది.

ప్రార్థన చేద్దాం. అబ్రాహాముకు చేసిన ప్రమాణాన్ని ఎన్ని తరాలైనా మరువని తండ్రీ, నీ కుమారుని రక్తంతో మాకు ఇచ్చిన మాటను నిలబెట్టుకున్న దేవా, మా నోటి మాటను నీ చేతిలో పెడుతున్నాం. మేము తప్పిన మాటల వల్ల నష్టపోయినవారిని ఆదరించు. వారి గుమ్మం దగ్గరికి వెళ్లే ధైర్యం మాకు ఇవ్వు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.